సాయంత్రం లెక్క

మా పూర్వ విద్యార్థుల సంఘంలో ఒక ఆచారం ఉంది. మిలిటరీ కాలేజీలో ఉండగా ఏ కేడెట్ అయినా చనిపోతే వాడి నల్ల ట్రంకు పెట్టెను లారీలోనో పార్సిల్‌లోనో ఇంటికి పంపరు. ఆ జిల్లాలో ఉన్న పాత విద్యార్థి ఒకడు, పోయినవాడి బ్యాచ్ కుర్రాడు ఒకడు, చెరో వైపు పిడి పట్టుకుని గుమ్మం దాకా మోసుకెళ్లి తల్లిదండ్రుల చేతిలో పెట్టాలి. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది. ముప్పై ఏళ్లలో నా వంతు రాలేదు. రాకూడదనే కోరుకున్నాను. పోయిన మంగళవారం వచ్చింది.

ముందురోజు బ్రిగేడియర్‌గారు ఫోన్ చేశారు. ఆయన మా సంఘం అధ్యక్షుడు. రిటైరై పదేళ్లయినా ఫోన్‌లో హలో అనడం ఇంకా అలవాటు కాలేదు.

"జనార్ధన్, రేపు పదిన్నరకి కృష్ణగిరి బస్టాండుకు పెట్టె వస్తుంది. దాంతో లోహిత్ అనే కుర్రాడు వస్తాడు. అత్తిముగం ఊళ్లో వాళ్లింట్లో అప్పగించు. శనివారం పాసింగ్ ఔట్ పరేడ్‌కి తల్లిదండ్రుల్ని పిలువు. సాయంత్రం ఏడింటి బస్సుకి వాణ్ని తిరిగి ఎక్కించు. వాడు తిండి మానేశాడట. పరేడ్ దాకా ఎలాగోలా నిలబెట్టు. తర్వాత సంగతి తర్వాత."

"నిలబెట్టడానికి వాడేమన్నా జెండా కర్రా సార్?" అన్నాను.

"నీ వెటకారం ఇంట్లో పెట్టి వెళ్లు," అని పెట్టేశారు.

నాకు నోటి దురుసు ఉంది, ఒప్పుకుంటాను. లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయి ఎనిమిదేళ్లయింది. మత్తిగిరిలో ఇల్లు, హోసూరులో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ హెడ్ ఉద్యోగం. గేటు దగ్గర నేనుంటే షిఫ్టు కుర్రాళ్లు టీ గ్లాసులు దాచేస్తారు. పొద్దున్నే కారు తీస్తుంటే మా హేమావతి వెనకే వచ్చి, "కొడుకు పోయిన ఇల్లు. అక్కడ మీ పెత్తనం చూపించకండి," అంది. అలాగే అన్నాను. దారి పొడుగునా అదే మాట గుర్తు చేసుకుంటూ వెళ్లాను.

చనిపోయింది ఇద్దరు. యతీశ్, నేగీ. లోహిత్‌తో కలిపి ముగ్గురూ నాలుగేళ్లు పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. మూడు వారాల కిందట ఆదివారం సెలవుకి యతీశ్, నేగీ కాలేజీకి ఆరు కిలోమీటర్ల అవతల పాడుబడ్డ రాతి క్వారీలో ఈతకు వెళ్లారు. నేగీ నీళ్లలో మునిగిపోయాడు. వాణ్ని లాగబోయి యతీశ్ బండల మీద జారిపడ్డాడు, తలకు దెబ్బ తగిలింది. మర్నాడు తెల్లవారాక వెతకడం మొదలుపెడితే గంటలో ఇద్దరూ దొరికారు. నేగీ పెట్టెను మా వాళ్లు కొండల్లో ఉన్న వాళ్ల ఊరికి తీసుకెళ్లారు. మిగిలిన బ్యాచ్‌లో ఒక్కొక్కడికి ఒక్కొక్క పాత విద్యార్థిని అప్పగించాం. రోజూ ఫోన్ చేయాలి, తిన్నావా పడుకున్నావా అని అడగాలి. ఇలాంటివి మాకు చేతకావు. అయినా చేస్తున్నాం.

కృష్ణగిరి బస్టాండులో లోహిత్‌ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. కూర్చోవడానికి బల్లలున్నా పెట్టె పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. పెట్టె మీద తెల్ల రంగుతో 'యతీశ్ హెచ్.' అని రాసి ఉంది. కుర్రాడి కళ్ల కింద నలుపు, చొక్కా కాలర్ వదులైపోయింది.

"ఏమైనా తిన్నావా?"

"ఆకలి లేదు సార్."

"నేను అడిగింది ఆకలి గురించి కాదు."

హోటల్లో ఇడ్లీ తెప్పించాను. సగం తుంచి వదిలేశాడు. వాళ్ల అమ్మ దివ్యశ్రీ అనంతపురం నుంచి వచ్చి హోసూరులో బట్టల కంపెనీలో కుడుతోందనీ, నాన్న చిన్నప్పుడే పోయాడనీ అడిగితే చెప్పాడు. అడగనిది ఒకటే చెప్పాడు. "మిమ్మల్ని పోయినేడు చూసినాను సార్. ఓల్డ్ బాయ్స్ డిన్నర్‌లో మూడు గొంతుల కథ చెప్పినారు."

నాకు సంతోషమేసింది, సిగ్గు లేకుండా. అది నా పేరు మోసిన కథ. మా రోజుల్లో ముగ్గురు స్నేహితులు గోడ దూకి సినిమాకు పోతే, రోల్ కాల్‌లో వాళ్ల ముగ్గురి తరఫునా నేనే మూడు గొంతులతో 'ప్రెజెంట్ సార్' అని పలికాను. సార్జెంట్ పట్టుకోలేకపోయాడు. నాలుగు డిన్నర్లలో చెప్పాను, నాలుగుసార్లూ బల్లలు చరిచి నవ్వారు. చివర్లో 'బ్యాచ్‌మేట్‌ను పట్టివ్వనివాడే మనవాడు' అని ముగిస్తాను.

"బాగుందా కథ?" అని అడిగాను.

"అందరమూ నవ్వినాము సార్," అన్నాడు తల దించుకుని.

పెట్టెను డిక్కీలో పెట్టుకుని హైవే మీద బయల్దేరాం. శూలగిరి దగ్గర హైవే దిగి బేరిగై రోడ్డు పట్టాక వాడు, "సార్, కొంచెం బండి ఆపుతారా?" అన్నాడు.

వాంతి అనుకుని టమాటా తోట పక్కన ఆపాను. వాడు దిగలేదు. ఎదురుగా రోడ్డును చూస్తూ మాట్లాడాడు.

"ఆ పొద్దు నాకు మోకాలు నొప్పి సార్. నేను ఈతకు పోలేదు. సాయంత్రం ఆరున్నరకి రోల్ కాల్. వాళ్లు రాలేదు. అట్లనుంచి అట్లే సినిమాకు పోయింటారు, గోడ దూకి వస్తారు అనుకుంటిని. సార్జెంట్ నేగీ పేరు పిలిచినాడు. నేను గొంతు మార్చి ప్రెజెంట్ సార్ అన్నాను. యతీశ్ పేరు పిలిచినాడు. ఇంకో గొంతుతో అన్నాను. ఆమీద నా పేరుకు నా గొంతుతో."

నేను ఇంజన్ ఆపేశాను. వాడి మాటల్లో నన్ను దెప్పడం లేదు. దెప్పి ఉంటే తిరిగి నాలుగు దులిపేవాణ్ని, నాకు అది సులువు.

"తర్వాత?"

"పడుకున్నాను సార్. నిద్ర పట్టేసింది. ఐదింటికి లేస్తే రెండు మంచాల మీదా దుప్పటి మడత విప్పలేదు. ఉరికిపోయి డ్యూటీ ఆఫీసర్‌కి చెప్పినాను, క్వారీకి పోయినారని. రోల్ కాల్ సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. సోమవారం విచారణలో నన్ను పిలుస్తారు." ఒక్క క్షణం ఆగాడు. "ఈ పొద్దు వాళ్లమ్మానాయనకి చెప్పేస్తాను సార్. నాలుగేండ్లుగా సెలవులకి వాళ్లింట్లో తిన్నాను. చెప్పకుండా ఆ ఇంట్లో కాలు పెట్టలేను."

"ఏం చెబుతావు? మీవాడు లేడని నాకు తెలుసు, ఉన్నాడని చెప్పానంటావా? దాంతో ఆ తల్లి కడుపు చల్లబడుతుందా?" గట్టిగానే అరిచాను. "ఇంకో నాలుగు రోజుల్లో ఆఫీసరువి అవుతావు. మీ అమ్మ ఇరవై ఏళ్లు మిషన్ తొక్కింది ఇందుకే కదా. ఈ మాట బయటపడితే నీ ట్రంకు పెట్టె కూడా ఇంటికే వస్తుంది, కాకపోతే నువ్వే మోసుకుని. పరేడ్ అయ్యేదాకా నోరు తెరవకు. ఇది ఆర్డర్."

వాడు నిటారుగా కూర్చున్నాడు. "ఎస్ సార్."

ఆర్డరిచ్చే అధికారం నాకు ఏనాడో పోయింది. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. వాణ్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మూడు గొంతుల కథ ఎవరిదని విచారణలో ఎవరైనా అడుగుతారన్న భయం మిగతా సగం.

అత్తిముగంలో ఊరి చివర వాళ్లిల్లు. రెండు గదులు, ముందు వసారా, పక్కనే ముళ్లకంప కట్టిన గొర్రెల దొడ్డి. పగలు కాబట్టి ఖాళీగా ఉంది. పెట్టెకు చెరో వైపు పట్టుకుని నడిచాం. బరువేమీ లేదు, ఇద్దరూ మోయాల్సినంత అసలే లేదు.

హనుమంతయ్య వసారాలో లేచి నిలబడ్డాడు. సన్నటి పొడుగు మనిషి, తలకు తువ్వాలు. కెంపమ్మ లోపలినుంచి వచ్చి పెట్టెను చూడలేదు. లోహిత్ మొహం రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంత బక్కగా అయిపోయినావే నాయనా. ఆడ ముద్ద పెట్టేవాళ్లు లేరా?"

నేనే పరిచయం చేసుకుని, కాలేజీ తరఫున రెండు ముక్కలు చెప్పాను. అలాంటప్పుడు నేను మాట్లాడే మాటలు నాకే రోత పుట్టిస్తాయి.

"కూర్చోండప్పా," అన్నాడు హనుమంతయ్య. "రంజిత కంపెనీకి పోయింది, మా బిడ్డ, రాత్రికి గానీ రాదు. మా బావమరిది మునియప్ప గొర్రెలు తోలుకొని పోయినాడు. మేమిద్దరమే ఉండాము."

కెంపమ్మ అన్నం పెడతానంది. తినివచ్చామని అబద్ధమాడాను. ఆ రోజు ఆ ఇంట్లో నా మొదటి అబద్ధం అది.

హనుమంతయ్య కర్రను మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలను చూస్తూ ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"సార్, మీరు పెద్ద ఆఫీసరు కదా. ఒక మాట అడుగుతాను. కొట్లాటకి కాదు, ఊరికే. మా దొడ్డిలో నలభైమూడు ఉండాయి. నేను ఇస్కూలుకు పోలేదు. అయినా పొద్దు గూకే యాళకి గేటుకాడ నిలబడి లెక్క చూస్తాను. ఒకటి తక్కువైతే ఈ ఇంట్లో ఎవురూ ముద్ద తినరు. టార్చి తీసుకొని పోవాల్సిందే. మీ కాలేజీలో కూడా సాయంత్రం లెక్క ఉంటుందని మావాడు చెప్పినాడు. ఆరున్నరకంట. ఆ పొద్దు ఇద్దరు తక్కువ. ఎవురికీ కనపడలేదా?"

నా పక్కన లోహిత్ తల తిప్పి నన్ను చూశాడు.

"ఆదివారం సెలవు రోజు అప్పా," అన్నాను. "ఆ రోజు లెక్క అంత సరిగా ఉండదు. పొరపాటు జరిగింది."

"ఎవురి పొరపాటు సార్?"

"విచారణ చేస్తున్నారు."

ఆయన తలూపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు. "డాక్టరు రాసిన కాగితం రంజిత చదివి చెప్పినాది. మావాడు రాత్రి తొమ్మిది దాటినాక పోయినాడంట. ఆరున్నరకి లెక్క. ఆ కాడికి బతికే ఉండాడు. రెండున్నర గంట సార్. నేను ఆ రెండున్నర గంటకాడ నిలిచిపోయినాను. నిద్ర పట్టడం లేదు."

బండల మీద ఆ కుర్రాడు ఎలా పడి ఉండి ఉంటాడో, ఎవరి పేరు పెట్టి పిలిచి ఉంటాడో అన్నదే కళ్ల ముందు మెదిలింది. లేచి పారిపోవాలనిపించింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో అలా ఎప్పుడూ అనిపించలేదు.

కెంపమ్మ పెట్టె దగ్గర కూర్చుని తాళం తీసింది. బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. యూనిఫారం, ఉన్ని స్వెటర్, అద్దంలా మెరుస్తున్న బూట్లు. అడుగున చిన్న ప్లాస్టిక్ కవరు. అందులో నాలుగు ఇత్తడి నక్షత్రాలు. పరేడ్ కోసం వాడు ముందే కొని దాచుకున్నవి.

"ఇవే కదా భుజం మీద పెట్టేది?" అంది. "ఫోన్లో చెప్పినాడు. పరేడు అయినాక అమ్మానాయన వచ్చి పెడతారంట. 'నువ్వొక భుజం, నాయనొక భుజం' అన్నాడు. నేను కొత్త చీర కూడా తీసిపెట్టుకుంటిని."

హనుమంతయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. రెండు నక్షత్రాలు అరచేతిలో పెట్టుకుని లేచింది.

"లోహితూ, మీ నాయన లేడు కదా. మీ అమ్మ ఒక భుజానికి పెడుతుంది. ఇంకో భుజం నాకియ్యి నాయనా. శనివారం నేనొస్తాను. నా కొడుకువి నీకు పెడతాను."

బ్రిగేడియర్ కోరుకున్నది సరిగ్గా ఇదే. పిలవకుండానే వస్తానంటోంది ఆ తల్లి. నేను ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకోలేకపోయాను.

ఆవిడ దగ్గరికొచ్చి, ఎలా ఉంటుందో చూద్దామని, నక్షత్రాన్ని లోహిత్ చొక్కా భుజం మీద ఆనించింది. వాడు కాలిన చోట వేలు పెట్టినట్టు వెనక్కి జరిగాడు. నక్షత్రం కింద పడి వసారా మీద దొర్లింది. వంగి దాన్ని తీయలేదు. అటెన్షన్‌లో నిలబడిపోయాడు. కళ్లు మాత్రం కెంపమ్మ వైపు కాదు, నా వైపు ఉన్నాయి.

వాడు అనుమతి అడుగుతున్నాడు. నేనిచ్చిన ఆర్డర్ నేనే తీయాలి. తీస్తే వాడి ఉద్యోగం పోవచ్చు, వాడి తల్లి ఇరవై ఏళ్ల కష్టం పోవచ్చు, హనుమంతయ్య చేతిలో కర్ర ఉంది. తీయకపోతే శనివారం ఆ భుజం మీద ఆ తల్లి చెయ్యి పడుతుంది. అది వాడు చచ్చేదాకా మోస్తాడు. నేను డిన్నర్లలో కథలు చెప్పుకుంటూ తిరుగుతాను.

"లోహిత్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కారులో చెప్పిన మాట నేను వాపసు తీసుకుంటున్నాను. చెప్పు."

వాడు చెప్పాడు. పొల్లు మాట లేకుండా, తనకు అనుకూలంగా ఒక్క ముక్క చేర్చుకోకుండా, ఆరున్నర నుంచి మర్నాడు ఐదింటిదాకా. మోకాలు నొప్పి సంగతి కూడా చెప్పలేదు. చివర, "యాడికి పోయినారో నాకు తెలుసు అప్పా. తెలిసి కూడా ఉండారని చెప్పినాను," అన్నాడు.

వాడు ఆగగానే నేను అందుకున్నాను. "ఆ పని నేర్పింది నేను. పోయిన సంవత్సరం స్టేజీ ఎక్కి, ఇదే గొప్ప అని చెప్పి, చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ కుర్రాడు అక్కడే కూర్చుని విన్నాడు. ఇందాక మీరడిగితే నేను అబద్ధం చెప్పాను. వీడు దారిలోనే మీకు చెప్పేస్తానన్నాడు, నేను వద్దన్నాను."

కెంపమ్మ కింద పడిన నక్షత్రాన్ని తీసుకుంది. మిగతా మూడింటితో కలిపి పిడికిట్లో బిగించింది. మా ఇద్దరినీ చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడు కూడా రాలేదు.

హనుమంతయ్య కర్ర నేలమీద ఆనించి కూర్చునే ఉన్నాడు. గంటో, రెండు గంటలో. తిడితే బాగుండుననిపించింది. నా జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది, తీయలేదు. లోహిత్ అలాగే నిలబడి ఉన్నాడు, కూర్చోమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఎండ వసారా దిగి వాకిట్లోకి, వాకిట్లోంచి దొడ్డి కంప మీదికి జరిగింది. లోపల్నుంచి ఒక్కసారి, ఒక్కసారే, కెంపమ్మ ఏడుపు వినబడి ఆగిపోయింది.

అప్పుడు గొర్రెలొచ్చాయి. దుమ్ము లేపుకుంటూ మునియప్ప వెనకనుంచి తోలుకొస్తున్నాడు. హనుమంతయ్య లేచాడు. గేటు దాకా నడిచి ఆగాడు.

"మూడు వారాలుగా నేను లెక్క చూడలేదు," అన్నాడు, మాకు వీపు పెట్టి. "ఈ గేటుకాడికి వస్తే మావాడే గుర్తొస్తాడు. మునియప్పే చూస్తాండాడు." వెనక్కి తిరిగాడు. "లోహితూ, ఇట్ల రా."

లోహిత్ వెళ్లాడు.

"గేటు కొంచెమే తీస్తాను. రెండు రెండుగా పోతాయి. నువ్వు లెక్క చూసి చెప్పు."

గొర్రెలు తోసుకుంటూ లోపలికి దూరాయి. లోహిత్ ఒక్కో జత వీపు మీద చెయ్యి ఆనిస్తూ పెదాలు కదుపుతున్నాడు. చివరిది వెళ్లాక గేటు పట్టుకుని లోపలున్నవాటిని మళ్లీ లెక్కబెట్టాడు.

"ఎన్ని?"

"నలభైరెండు అప్పా."

"యాడిది? అన్నీ వచ్చినాయి బావా," అన్నాడు మునియప్ప భుజం మీది గొంగళి దించుతూ. "నేను ఆడనే చూసినాను కదా. ఈ పిలగానికి లెక్క తప్పినట్టుంది. గేటు వేసెయ్, పొద్దు పోతా ఉండాది."

హనుమంతయ్య మునియప్ప వైపు చూడలేదు. లోహిత్‌నే చూస్తున్నాడు. అన్నీ ఉన్నాయని మునియప్ప అంటున్నాడు. 'అవునేమో, నేనే తప్పానేమో' అని లోహిత్ అంటే చాలు, అందరూ ఇంట్లోకి వెళ్లొచ్చు.

"లేదప్పా," అన్నాడు లోహిత్. ఈసారి గొంతు గట్టిగా ఉంది. "రెండుసార్లు చూసినాను. ఒకటి తక్కువ. వెతకాల."

"చెవికి నల్లమచ్చ ఉండేది రాలేదు," అన్నాడు హనుమంతయ్య. "గుంపు మలుపు తిరిగేటప్పుడే చూసినాను." అంటే ఆయనకు ముందే తెలుసు. మునియప్ప తల గోక్కున్నాడు. "టార్చి తీసుకురా కెంపీ," అని హనుమంతయ్య లోపలికి కేకేశాడు.

కెంపమ్మ బయటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. టార్చి భర్తకివ్వలేదు, లోహిత్ చేతికిచ్చింది.

నలుగురం మునియప్ప వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి తీశాను.

"బస్సు టైమవుతోంది. ఎక్కడున్నారు?" అన్నారు బ్రిగేడియర్.

"బస్సుకు రావడం లేదు సార్. రేపు నేనే కారులో తీసుకొస్తాను. ఇద్దరం కలిసి కమాండెంట్ దగ్గరికి వెళ్తాం, రోల్ కాల్ సంగతి చెప్పాలి. వాడు పలికినదీ, నేను నేర్పినదీ."

"నీకు మతి పోయిందా? పరేడ్ ముందా? వాడి జీవితం ఏమవుతుందో తెలుసా?"

"తెలియదు సార్. ఇప్పుడు కొంచెం పనిలో ఉన్నాం," అని పెట్టేశాను. నేను ఆయన ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

డ్రిప్ పైపుల కోసం ఎవరో తోటలో తవ్వి వదిలేసిన గుంటలో దొరికింది అది. ముందు కాలు మట్టిలో ఇరుక్కుపోయింది, అరవడానికి కూడా ఓపిక లేదు. లోహిత్ టార్చి హనుమంతయ్యకిచ్చి గుంటలోకి దిగి చేతులతో మట్టి తీశాడు. మోకాళ్ల దాకా బురద అంటింది. నేనూ దిగబోతే హనుమంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "వాణ్ని తీయనీండి," అన్నాడు.

తీసి, రెండు భుజాల మీదా అడ్డంగా వేసుకుని, కాళ్లు గుండె దగ్గర పట్టుకుని పైకొచ్చాడు. దారంతా వాడు ఏడుస్తూనే నడిచాడు. హనుమంతయ్య పక్కనే నడుస్తూ టార్చి వాడి కాళ్ల ముందు పట్టాడు. ఓదార్చలేదు, ఆపమని అనలేదు.

కెంపమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. లోహిత్ భుజాల మీదనుంచి గొర్రెను తనే దింపింది. దాని కాలు తడిమి చూసి లోపలికి వదిలింది. చీర కొంగు చివర ముడి వేసి ఉంది. అందులో ఏమున్నాయో చెప్పక్కర్లేదు.

"ఇవి నీకు ఈ శనివారం పెట్టను," అంది. "నిన్ను కొట్టాలని ఉండాది. నా బిడ్డ గొంతు నువ్వు ఎట్ల పలికినావురా?" గేటు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఈడ చెప్పినట్టే ఆడ కూడా చెప్పు. అందరి ముందరా చెప్పు. చెప్పినాక వాళ్లు నిన్ను ఇంటికి పంపితే పంపనీ. చెప్పినాక కూడా ఆఫీసర్ని చేస్తామంటే, ఒక ఏడాదికో రెండేండ్లకో, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. ఒక భుజానికి నేనొచ్చి పెడతాను."

"అట్లేనమ్మా," అన్నాడు లోహిత్.

హనుమంతయ్య గేటుకాడ నిలబడి, కర్ర అడ్డంగా పట్టుకుని, మూడు వారాల తర్వాత మొదటిసారి తన నోటితో తనే లెక్క చూశాడు. నలభైమూడు అన్నాడు. గేటు వేసి, కాళ్లు కడుక్కోమని మాకు చెంబు చూపించాడు. కెంపమ్మ వసారాలో ఐదు పళ్లేలు వేసింది. లోహిత్ ముందు రాగిముద్ద పెట్టి, పులుసు పోసి, వాడు మొదటి ముద్ద మింగేదాకా అక్కడే నిలబడి చూసింది.